రాజా రవివర్మ: ఇంటివారి పటములు

మహాసభలు జరుగునప్పుడెల్ల వేదికపై పూర్వుల పటములనుంచి పూలమాలలు వేయుట మన సంఘములయందు చిరకాలమునుండి వచ్చుచున్న యాచారము. ఆ పెద్దల పేర్లను, వారు చేసిన దానధర్మములను సభలో చదివి సంతోషింతుము. కాని వారి తల్లుల పటములును భార్యల పటములును ఆ వరుసలో మిక్కిలి యరుదు. ఏ యింటనైనను అట్టి పటముండినను, అందలి స్త్రీ పేరేమని యడిగినచో చెప్పఁగలవారు తక్కువ. ఈ కొఱఁత మా మనస్సునందుండుటచేతనే, మన కులమువాఁడును మన దేశభాషవాఁడును కాకపోయినను, రాజా రవివర్మ చరిత్రమును ఈ సంచికకు వ్రాయఁబూనితిమి. ఆతని లక్ష్మీసరస్వతుల పటములు తెలుఁగునాట ననేక గృహములందు పూజలందుకొనినవి. దేవతల పటములచే నాతని నెఱిఁగిన మన పాఠకులకు, ఆతఁడు మనుష్యులను, అందును తన యింటివారిని, చిత్రించిన విధమును తెలుపుట మా యుద్దేశము.

రవివర్మ 1848వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన తిరువాన్కూరు సంస్థానములోని కిళిమానూరున జన్మించెను. తల్లి ఉమాంబాబాయి, తండ్రి ఏళుమావిల్ నీలకంఠ భట్టతిరిపాదు. ఆ దేశమున నాఁడు మరుమక్కత్తాయమను నాచారము ప్రబలియుండెను. దాని ననుసరించి బిడ్డలు తల్లి యింటికే చెందుదురు. వంశమును ఆస్తియు తల్లివైపునుండియే సంక్రమించును. ఇంటి పెత్తనము మేనమామది. భర్త యనువాఁడు భార్య యింటికి వచ్చిపోవు బంధువువంటివాఁడు. తండ్రి యింటిపేరు ధరించు మనకీ యాచారము వింతగాఁ దోఁచును. కాని ఇది తెలియనిదే రవివర్మ చిత్రములలోని మర్మము బోధపడదు. ఆ బాలునకు కుంచె పట్టుట నేర్పిన తొలి గురువును మేనమామయగు రాజరాజవర్మయే.

పదునాలుగవ యేట మేనమామ యాతనిని తిరువనంతపురమునకుఁ గొనిపోయి ఆయిల్యం తిరునాళ్ మహారాజు దర్శనము చేయించెను. ఆ యాస్థానమున రవివర్మ చిత్రకళ నభ్యసించెను. 1868లో థియొడోర్ జెన్సన్ అను పాశ్చాత్య చిత్రకారుఁ డచ్చటికి వచ్చినప్పుడు, నేర్పుటకు సమ్మతింపకపోయినను దగ్గఱనుండి చూచుటకుమాత్ర మనుమతించెను. ఆ చూపే చాలినది. తైలవర్ణముల పని రవివర్మ చూచియు, స్వయముగాఁ జేసి చెఱిపియు నేర్చుకొనెను. అంతకుముందే, 1866లో, మావేలిక్కర రాజవంశపుఁ గన్యయగు భగీరథీబాయి నాతఁడు వివాహమాడియుండెను. ఆచారముచొప్పున బిడ్డలు మావేలిక్కర యింటివారైరి.

1870లో కళ్లికోటలోని కిళక్కే పాలాట్టు కృష్ణమేనోను కుటుంబచిత్రమును వ్రాసి రవివర్మ తొలిసారి వృత్తిచిత్రకారుఁడై పారితోషికము గొనెను. రాజబంధువు కూలికిఁ జిత్రములు వ్రాయుట యన్నది నాఁడు చిన్న సాహసము కాదు. 1873లో చెన్నపట్టణపుఁ బ్రదర్శనమున ఆతని చిత్రమునకు స్వర్ణపతకము లభించెను. వియన్నాలోనుదానికి బహుమానము కలిగెను. కొప్పులో మల్లెదండ తుఱుముకొనుచున్న నాయరు స్త్రీ యా చిత్రములోనిది. ఆమె కులము పేరే చిత్రమునకుఁ బేరయ్యెను. ఆమె పేరెవ్వరును వ్రాయలేదు.

ఆపైని మైసూరు, బరోడా మున్నగు సంస్థానములనుండి రవివర్మకుఁ బిలుపులు వచ్చెను. మైసూరు మహారాజునకై వ్రాసిన గాయకీమణుల చిత్రమునందు వేర్వేఱు ప్రాంతములకును మతములకును చెందిన పదునొకండుగురు స్త్రీలు తమతమ వేషములతో నొక్కచోటఁ గూర్చుండి యున్నారు. 1893లో చికాగో నగరపు మహాప్రదర్శనమునకుఁ బంపిన పది చిత్రములలోను భారతదేశపుఁ బలుజాతుల స్త్రీలే కలరు. వానికి రెండు పతకములు లభించెను. చీరకట్టునుబట్టి, నగలనుబట్టి ఒక్కొక్కరిది ఏ దేశమో, ఏ కులమో పోల్చుకొనవచ్చును. మెచ్చుకొనినవారు పెక్కండ్రు. అయితే మనుష్యులను వేషభాషల నమూనాలుగాఁ జూపెనని తప్పుపట్టిన విమర్శకులును లేకపోలేదు. ఈ విమర్శలో న్యాయము లేదని మే మనఁజాలము.

దానికి సమాధానముకూడ 1893లో నాతఁడు వ్రాసిన మఱియొక చిత్రమునందే కలదని మా యభిప్రాయము. తండ్రి వచ్చుచున్నాఁడని దాని పేరు. చంకలోని బిడ్డకు వచ్చువానిని చేతితోఁ జూపుచున్న యువతి యందుఁ గలదు. ప్రక్కనొక కుక్క యున్నది. ఆ యువతి రవివర్మ కూఁతురు మహాప్రభ. బిడ్డ యాతని మనుమఁడు. పేరు తండ్రిది, చిత్రములో తండ్రి లేఁడు. తల్లిబిడ్డ లింట నున్నారు, తండ్రి వెలుపలినుండి రావలసినవాఁడు. భార్య 1891లోనే గతించెను. తన బిడ్డల యింటికిఁ దానే చుట్టమైన వాఁ డీ చిత్రమును వ్రాసెనని తలఁచినప్పుడు మా హృదయము కరఁగును. ఆ దినములలో మలబారునందు వివాహపద్ధతులను గూర్చి వాదప్రతివాదములు చెలరేఁగియుండెను. 1896లో వివాహములను నమోదు చేయుటకు శాసనమును వచ్చెను. వాని ఛాయ యీ చిత్రమునఁ గలదని చరిత్రకారులు కొందఱు తలఁచిరి.

1894లో బొంబాయియందు స్థాపించిన ముద్రణాలయముచే రవివర్మ దేవతాచిత్రములు సామాన్యుల యిండ్లకుఁ జేరెను. కాని యది నష్టములపాలై 1901లో నన్యుల వశమయ్యెను. 1904లో కైసర్-ఇ-హింద్ పతకము వచ్చెను. మఱుసటి యేఁడు, ప్రయాణములన్నిటను వెంటనుండి పనిలోఁ బాలుపంచుకొనిన తమ్ముఁడు రాజరాజవర్మ మరణించెను. 1906 అక్టోబరు 2వ తేదీన రవివర్మ కిళిమానూరున, తాను పుట్టిన తల్లియింటనే, కన్నుమూసెను.

ఆతని మనుమరాండ్రిరువురు 1900లో తిరువాన్కూరు రాజవంశమునకు దత్తతపోయిరి. వారిలో మహాప్రభ కూఁతురు సేతులక్ష్మీబాయి 1924 మొదలు 1931 వఱకు సంస్థానమును పాలించెను. ఆమె కాలమున, 1925లో, నాయరుల యుమ్మడి యిండ్లు పంచుకొనుట కనుమతించు శాసనము వెలువడెను. 1975 నాఁటి శాసనముతో కేరళమున ఉమ్మడి కుటుంబవ్యవస్థయే రద్దయ్యెను. ఆచారము పోయినది, చిత్రములోని తల్లియు బిడ్డయు నిలిచియున్నారు. ఆమె యెవరో, ఎవరి కూఁతురో, ఎవరికిఁ దల్లియో చెప్పఁగలుగుటచేతనే ఆ చిత్రము మనతో మాటలాడుచున్నది. పేరులేని నాయరు స్త్రీ యందమునుమాత్రమే చూపి యూరకుండును.

కాఁబట్టి కులబాంధవులకును పోషకులకును మేము చేయు మనవి యొక్కటి. మీ యిండ్లలోని పాతపటములను దింపి దుమ్ము తుడిచి, వెనుకప్రక్కన అందున్న ప్రతి స్త్రీ పేరును, పుట్టినింటి పేరును, ఊరును, తెలిసినంతవఱకు సంవత్సరమును వ్రాయుఁడు. చెప్పఁగల వృద్ధులింకను మన మధ్య నున్నారు. వారు జీవించియుండఁగనే యడుగుఁడు. రాఁబోవు మహాసభలో మన తల్లుల పటములును తమ పేర్లతో వేదికనలంకరించుఁగాక యని కోరుచు విరమించుచున్నాము.