రాళ్లేరిన దొర: రాబర్ట్ బ్రూస్ ఫుట్

మా కానింగ్ వేల్‌లో పెరడు ఎంత తవ్వినా ఇసుకే వస్తుంది, రాయి తగలదు. రాళ్లు చూడాలంటే తూర్పున డార్లింగ్ కొండల దాకా వెళ్లాలి. లెస్మర్డీ జలపాతం దగ్గర 250 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైట్, ఆ కొండల మీద ఎర్రటి లాటరైట్ కంకర. సెలవు రోజుల్లో పిల్లలతో అక్కడ తిరిగే మనవాళ్లు కొందరున్నారు, వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఈ సరదా ఉన్నవాళ్లకు ఫుట్ కథ తెలియాలని నాకనిపిస్తుంది. ఆయన తిరిగింది మన నేల మీదే మరి.

ఫుట్ 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టారు. 1858లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరి మద్రాసు రాజధానికి వచ్చారు. ఏ రాయి ఎక్కడుందో మ్యాపుల మీద గీయడం ఆయనకు జీతమిచ్చే పని. పాతకాలపు మనుషుల పనిముట్లు వెతకడం మాత్రం సొంత ఆసక్తి. ఫ్రాన్సులోని సోమ్ నది ఒడ్డు కంకరలో ఆదిమానవుల రాతి పనిముట్లు ఉన్నాయని అప్పుడప్పుడే పండితులు ఒప్పుకుంటున్నారు. ఇక్కడ మాత్రం ఎందుకుండవని ఆయన కళ్లు నేల మీదే పెట్టి నడిచారు.

1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో, లాటరైట్ కంకరలో, మనిషి చెక్కిన రాయి ఒకటి దొరికింది. కొద్ది నెలలకే తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో చేతిగొడ్డళ్లు చూశారు. భారతదేశంలో పాతరాతి యుగం ఉందని అలా తేలింది. మన చరిత్ర ఒక్కసారిగా లక్షల ఏళ్లు వెనక్కి జరిగింది.

ఇక్కడ ఒక మాట. ఫుట్ చేసినట్టు మనం డార్లింగ్ కొండల్లో చేయకూడదు. అది నూంగార్ ప్రజల నేల. చెక్కిన రాయిలా కనిపిస్తే ఫొటో తీసి, ఉన్నచోటే వదిలి, అధికారులకు చెప్పాలి. దాన్ని కదిలిస్తే ఇక్కడి చట్టం ప్రకారం నేరం. నేషనల్ పార్కుల్లో మామూలు రాయి కూడా తేకూడదు. పిల్లల జేబులు చూసుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం బిల్లసర్గం గుహలది. ఇవి బేతంచర్ల దగ్గర సున్నపురాయి గుహలు. యూరప్ గుహల్లో ఆదిమానవుల ఆనవాళ్లు దొరుకుతున్నాయి కాబట్టి వీటినీ తవ్వి చూడమని శాస్త్రవేత్త హక్స్‌లీ మద్రాసు గవర్నరుకు సూచించారు. 1884లో ఫుట్ పని మొదలుపెడితే, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న కొడుకు హెన్రీ కొనసాగించారు. ఎక్కువగా దొరికినవి జంతువుల ఎముకలు. వాటిలో అంతరించిపోయిన ఒక ఖడ్గమృగానికి శాస్త్రీయ నామం మన కర్నూలు మీదే పెట్టారు. ఖడ్గమృగం అనగానే అస్సాం గుర్తొస్తుంది గానీ, ఒకప్పుడు రాయలసీమలోనూ తిరిగిందన్నమాట!

బళ్ళారి వైపు బూడిద దిబ్బలుండేవి. హిడింబాసురుడి కథ చెప్పుకునేవారు జనం. అవి పాతకాలపు పశువుల దొడ్లలో కాలిన పేడ కుప్పలని ఫుట్ వాదించారు. ఆయన పోయిన చాలాకాలానికి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు తవ్వకాల్లో ఆ మాటే నిజమని తేలింది. కోలారు బంగారం దొరికే రాళ్ల వరసకు ధార్వార్ అని పేరు పెట్టిందీ ఆయనే. మన కాల్గూర్లీ బంగారం కూడా అలాంటి పురాతన శిలల్లోదే.

1891లో రిటైరయ్యాక బరోడా, మైసూరు సంస్థానాలకు పనిచేసి ఏర్కాడులో స్థిరపడ్డారు. నాలుగు వందలకు పైగా చోట్ల ఏరిన వస్తువులు, ఏది ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకున్న వివరాలతో సహా, 1904లో మద్రాసు మ్యూజియంకు చేరాయి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో కన్నుమూశారు. చివరిదాకా తయారు చేసిన కేటలాగు 1914లో, దాని మీద నోట్సు 1916లో అచ్చయ్యాయి. ఇండియా వెళ్తూ చెన్నైలో ఒక పూట ఆగితే, ఆ సేకరణ ఎగ్మూరు మ్యూజియంలోనే ఉంది.