వ్యర్థధూమంలో శక్తిని దర్శించిన ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి

లోకం వ్యర్థమని విడిచిపెట్టిన దానిలో విలువను గుర్తించడం ప్రతిభకు ఒక లక్షణం. చెరకు పిప్పి బెల్లపు పొయ్యికి ఇంధనమవుతుంది. పశువుల పేడ పొలానికి ఎరువవుతుంది. కాని ఇంజను విడిచే పొగలో కూడా శక్తి ఉన్నదనీ, దానిని మరల ఇంజను సేవకే వినియోగించవచ్చుననీ భావించి, ఆ భావనకు తన జీవితాన్ని అంకితం చేసిన మహనీయుడు స్విట్జర్లండు దేశీయుడైన ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి. నేడు టర్బోచార్జర్ అని మనం పిలుస్తున్న యంత్రానికి ఆయనే ఆద్యుడు.

బ్యూఖి 1879 జూలై 11న వింటర్‌టూర్ నగరంలో జన్మించారు. అది యంత్ర పరిశ్రమకు పెట్టింది పేరు. తండ్రి అక్కడి సుప్రసిద్ధ సుల్జర్ సంస్థలో ఉన్నతాధికారి. ఇంజన్ల నడుమ బాల్యం గడిపిన ఈ బాలుడు జ్యూరిక్‌లోని ఫెడరల్ పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగు అభ్యసించి 1903లో పట్టభద్రుడయ్యారు. పిమ్మట బెల్జియం, ఇంగ్లండు దేశాలలో కొంతకాలం పనిచేసి అనుభవం గడించారు.

ఆ రోజులలో ఆయన మనస్సును కలచిన ప్రశ్న ఒక్కటే. ఇంజనులో మండిన ఇంధనపు వేడిలో రమారమి మూడోవంతు పొగగొట్టం గుండా గాలిలో కలిసిపోతున్నది. ఈ నష్టాన్ని నివారించలేమా? ఆయన ఊహ సరళమైనది. వేడితో, వేగంతో వెలువడే పొగకు ఒక టర్బైను చక్రాన్ని అడ్డుపెట్టాలి. ఆ చక్రం తిరిగితే, అదే ఇరుసుపై రెండవ కొసన ఉన్న కంప్రెసర్ చక్రమూ తిరుగుతుంది. అది బయటి గాలిని పీల్చి, అదిమి, సిలిండర్లలోనికి నెడుతుంది. గాలి ఎంత ఎక్కువగా చేరితే అంత ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చును. ఇంజను పరిమాణం పెరగకుండానే బలం పెరుగుతుంది.

ఈ భావనకు 1905 నవంబరు 16న జర్మనీలో పేటెంటు కోరినప్పుడు ఆయన వయస్సు ఇరవై ఆరేండ్లు. కాని కాగితంపై గీచిన చిత్రం లోహరూపం దాల్చడం సులభసాధ్యం కాలేదు. సుల్జర్ సంస్థలో చేరి 1911లో ప్రయోగాలకు ఏర్పాట్లు గావించారు. 1915లో పరీక్షించిన నమూనా తగినంత గాలి పీడనాన్ని నిలుపుకొనలేక విఫలమైంది. పొగ వేడిని చిరకాలం తట్టుకొనే లోహాలు గాని, సమర్థమైన కంప్రెసర్లు గాని ఆనాడు లేవు. ఊహ కాలానికంటె ముందు నడిచింది. కాలం దానిని అందుకొనే వరకు ఓర్పు వహించడమే బ్యూఖికి మిగిలిన మార్గం.

ఈలోగా మొదటి ప్రపంచయుద్ధం విమానాల అవసరాన్ని ముందుకు తెచ్చింది. పైకి పోయినకొద్దీ గాలి పలుచనై ఇంజన్లు నీరసించేవి. ఫ్రాన్సులో ఆగస్ట్ రాటో ఈ దిశలో కృషి సాగించారు. అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ 1918లో, పదునాలుగు వేల అడుగులకు పైబడిన పైక్స్ శిఖరంపైకి విమాన ఇంజనును చేర్చి, టర్బోచార్జర్‌తో దానికి సముద్రమట్టంలో ఉండే బలాన్ని తిరిగి సమకూర్చారు. బ్యూఖి ఊహ నిరర్థకం కాదని దీనితో రుజువైంది.

ఆయన స్వీయవిజయం మాత్రం 1925లో లభించింది. అన్ని సిలిండర్ల పొగను ఒకే పెద్ద గొట్టంలోనికి వదిలితే ఒకదాని పొగ వేరొకదానికి అడ్డు తగులుతుందనీ, వాల్వు తెరచుకొన్న క్షణాన వెలువడే తాకిడి బలం అందులో అణగారిపోతుందనీ ఆయన గ్రహించారు. అందుచేత ఒకదానికొకటి ఆటంకం కాని సిలిండర్లను జట్లుగా చేర్చి, వాటి పొగను సన్నని వేర్వేరు గొట్టాల ద్వారా టర్బైనుకు పంపారు. ప్రూసెన్, హాన్సెస్టాట్ డాంజిగ్ అనే రెండు జర్మన్ ప్రయాణికుల నౌకల పది సిలిండర్ల డీసెల్ ఇంజన్ల బలం టర్బోచార్జర్ల మూలంగా 1,750 అశ్వశక్తి నుండి 2,500కు పెరిగింది. పేటెంటు నాటి నుండి ఈ సాఫల్యానికి ఇరవై సంవత్సరాలు పట్టింది. 1938లో జ్యూరిక్ విద్యాలయం ఆయనను గౌరవ డాక్టరేటుతో సత్కరించింది.

అయితే బలాన్ని సృష్టించడం ఒక ఎత్తు, దానిని అదుపులో ఉంచడం మరొక ఎత్తు. నౌక ఇంజను గంటల తరబడి ఇంచుమించు ఒకే వేగంతో నడుస్తుంది. దానికి సరిపడే టర్బైనును ఎంచుకొంటే చాలును. కారు సంగతి వేరు. అది క్షణానికొక వేగంతో పోతుంది. పొగ పెరిగితే టర్బైను వేగం, దానితో గాలి పీడనం, దానితో మరల పొగ పెరుగుతూ పోతాయి. హద్దు మీరితే పెట్రోలు అకాలంగా పేలి పిస్టన్లు చెడిపోతాయి.

దీనికి విరుగుడుగా వచ్చినదే వేస్ట్‌గేట్. అది టర్బైనుకు ముందు అమర్చిన చిన్న పక్కతలుపు. దానిని ఒక స్ప్రింగు మూసి ఉంచుతుంది. కంప్రెసర్ నుండి వచ్చే గాలి పీడనం డయాఫ్రం అనే పలుచని పొరను నెడుతూ ఉంటుంది. నిర్ణీతమైన హద్దు చేరగానే ఆ పొర స్ప్రింగును జయించి తలుపు తెరుస్తుంది. కొంత పొగ టర్బైనును తాకకుండానే పక్కదారిన పోతుంది, చక్రం నెమ్మదిస్తుంది, పీడనం తగ్గగానే స్ప్రింగు తలుపును తిరిగి మూస్తుంది. చెరువు కట్టకు అలుగు ఎటువంటిదో, టర్బో ఇంజనుకు వేస్ట్‌గేట్ అటువంటిది. 1962లో అమెరికాలో వెలువడిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారులో ఈ ఏర్పాటు ఉండేది. అకాలపు పేలుడును అరికట్టడానికి నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని కూడా వాడేవారు. తరువాతి కాలంలో ఆ తలుపును నడిపే బాధ్యతను ఎలక్ట్రానిక్ సాధనాలు స్వీకరించాయి. అయినా మూలసూత్రం మారలేదు.

కార్లలో తన భావన విస్తరించడాన్ని బ్యూఖి చూడలేదు. 1959 అక్టోబరు 27న తాను పుట్టిన వింటర్‌టూర్‌లోనే ఆయన కన్నుమూశారు. కాని ఆయన కృషి ఫలం మన ముంగిటికీ వచ్చింది. దశాబ్దాల పాటు కాజీపేట, గుత్తి షెడ్ల నుండి బయలుదేరి రైళ్లను లాగిన 2,600 అశ్వశక్తి గల డీసెల్ ఇంజన్లు టర్బోచార్జర్ గలవే.

విద్యార్థులు బ్యూఖి జీవితం నుండి గ్రహించదగినవి రెండు. వైఫల్యం ఎదురైనంత మాత్రాన ఊహ తప్పని అనుకోరాదు. 1915లో ఆయన ఆగిపోయి ఉంటే 1925 వచ్చేది కాదు. రెండవది, ఆయన యంత్రమే నేర్పుతున్న పాఠం. అదుపు లేని బలం తనను కన్న ఇంజనునే కాల్చివేస్తుంది. హద్దెరిగిన బలమే గమ్యానికి చేరుస్తుంది.