మొదటి సాలార్‌జంగు గారి చరిత్రము

మహాపురుషుల జీవితమువలెనే వారి మరణమును లోకమునకు పాఠము చెప్పుచుండును. హైదరాబాదు రాజ్యమునకు ఇంచుమించు ముప్పది సంవత్సరములు దివానుగా నుండిన మొదటి సాలార్‌జంగు గారి చరిత్రము ఇందుకు తార్కాణము. ఉస్మాన్‌గంజ్‌లో అంగళ్లు పెట్టుకొని జీవించుచున్న మన సంఘీయులలో పెక్కురు సాలార్‌జంగు అనగానే మ్యూజియమును తలంతురు. ఆ వస్తుసంచయములో అధికభాగమును కూర్చినవారు వీరి మనుమలగు మూడవ సాలార్‌జంగు గారు. మేమిచట వ్రాయబూనినది తాతగారిని గూర్చి.

వీరి జన్మనామము మీర్ తురాబ్ అలీఖాన్. 1829 జనవరిలో దివానుల వంశమున జన్మించిరి. 1853 మే నెలలో తండ్రి సోదరులగు సిరాజుల్‌ముల్కు గారు గతింపగా, 24 ఏండ్ల ప్రాయముననే దివానుగిరి వీరి శిరస్సున పడెను. అప్పటికి ఖజానా శూన్యము. సేనావ్యయపు బాకీకై బీరారు ఆ నెలలోనే కంపెనీవారి చేతికి పోయినది. పన్నుల వసూలు గుత్తదారుల పాలైయుండెను. వీరు క్రమముగా గుత్తలను మాన్పించి, జీతముపై పనిచేయు తాలూక్‌దారులను నియమించి, తాకట్టులను విడిపించి, 1865లో జిల్లాబందీ గావించిరి. సర్కారు మాటపై సాహుకార్లకు నమ్మకము తిరిగి కుదిరినది. లెక్క తేలనిదే ఏ సంగతియు తీర్మానింపరాదనునది వీరి పాలనకు మూలసూత్రమని చెప్పవచ్చును.

1857 జులై 17వ తేదీన తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ అనువారు రెసిడెన్సీపై దాడి వెడలినపుడు వీరు ఆంగ్లేయుల పక్షమున నిలిచిరి. అందులకు మెచ్చినవారును గలరు, ద్వేషించినవారును గలరు. 1859లోను 1868లోను వీరిపై హత్యాప్రయత్నములు జరిగెను. రెండుమార్లును ప్రాణములు దక్కెను. 1869లో అఫ్జలుద్దౌలా గారు దివంగతులై, పసివాడగు మహబూబ్ అలీఖాన్ గారు సింహాసనమునకు వచ్చినపుడు, షమ్సుల్ ఉమ్రా గారితో గూడి వీరు రాజ్యభారమును వహించిరి. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలుబండి వచ్చెను. 1876లో వీరు ఇంగ్లండునకు పోయి సత్కారములందిరి. మూసీ యొడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1866లో వెలసినదియు వీరి కాలముననే. 1908 నాటి వరదలో అది నశింపగా, ఉస్మానియా ఆసుపత్రి దాని స్థానమును గైకొన్నది.

ఇక వీరి అవసానమును గూర్చి. 1883 ఫిబ్రవరిలో జర్మనీ దేశపు మెక్లెన్‌బర్గ్ ష్వెరిన్ రాజకుమారుడు అతిథియై వచ్చియుండెను. ఆ యాతిథ్యము నడుచుచుండగనే దివాను గారు హఠాత్తుగా వ్యాధిగ్రస్తులై, 8వ తేదీన, 54 ఏండ్ల ప్రాయమున లోకాంతరగతులైరి. కలరా యని వైద్యనిర్ణయము. విషప్రయోగమని నగరమున వదంతి. హంతకుల బారినుండి రెండుమార్లు తప్పించుకొన్నవారి విషయమున ఇట్టి శంక పుట్టుట వింతగాదు.

ఇచట వైద్యశాస్త్రములోని యొక గొప్ప చిక్కు గలదు. తెల్లపాషాణము కడుపులోనికి పోయినను, కలరా సోకినను, పైకి కనబడు చిహ్నములు ఒకటే: వాంతులు, కడుగునీళ్లవంటి విరేచనములు, పిక్కలు పట్టుట, దేహము చల్లబడుట. మన ప్రాచీనులు ఈ పోలికను ఎరుగుదురు. సూదులతో పొడిచినట్లు బాధించునది గనుక విషూచిక యనిరి. వాంతియు విరేచనమును లేక కడుపు బిగిసిపోవుదానిని అలసకమని వేరుపరచిరి. ఆమదోషము విషలక్షణములను బోలియుండుటచేత దానికి ఆమవిషమను పేరు కలిగెనని చరకుడు విమానస్థానమున తెలిపినాడు. పాషాణమును పరీక్షించి పట్టు రసాయనవిధానము 1836లోనే ఇంగ్లండున మార్ష్ అను నాతడు కనిపెట్టెను. కలరా క్రిమిని కాక్ పండితుడు కలకత్తాలో నిర్ధారించినది మాత్రము 1884లో, అనగా దివాను గారు గతించిన మరుసటి యేట. కావున 1883లో వైద్యుడు చిహ్నములను జూచి కలరా యని చెప్పగలడు గాని, క్రిమిని జూపి వదంతి నోరు మూయింపలేడు. చరిత్రకారులు కలరా యనియే వ్రాయుచున్నారు. మేమును దానినే గ్రహించుచున్నాము.

చికిత్సయు నట్లే వెనుకబడియుండెను. కలరాలో మనుష్యుని చంపునది దేహములోని నీరును ఉప్పును పోవుటయే. స్కాట్లండున లట్టా అను వైద్యుడు 1832లోనే నరములోనికి ఉప్పునీరెక్కించి కొందరిని బ్రతికించెను. లోకము చాలకాలము దానిని పాటింపక నల్లమందును నమ్ముకొనియుండెను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున దిలీప్ మహలనవీస్ గారు చక్కెర, ఉప్పు కలిపిన నీటిని త్రాగించి, నూటికి ముప్పదిగా నున్న మరణములను నాలుగుకంటె తక్కువకు దింపిరి. రాజ్యమునేలిన దివానునకు దొరకని మందు నేడు ప్రతి యింటి వంటగదిలో నున్నది.

కావున మన సంఘీయులకు మేము విన్నవించునది యిది. నీళ్లవలె విరేచనములైనచో, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెరయు అరచెంచా ఉప్పును కలిపి వెంటనే త్రాగింప మొదలిడి, ఆసుపత్రికి కొనిపోవలయును. అట్లుగాక కడుపు రాయివలె బిగిసి, దుర్భరమైన నొప్పితో మలమును వాయువును బంధించినచో, అది పేగు మెలికయో రంధ్రమో కావచ్చును. అప్పుడు విరేచనపు మందు ప్రాణాంతకము. నోటికేమియు నీయక శస్త్రవైద్యుని యొద్దకు పరుగెత్తవలయును. విషమని శంక తోచినచో, ఆ మాట వీధిలో గాక వైద్యునితో చెప్పి, తినిన పదార్థమును భద్రపరచి చూపవలయును. రెండు వ్యాధుల చిహ్నములొకటే యైనను చికిత్సలు వేరు. పోలికను జూచి తొందరపడక కారణమును వెదకువాడే వైద్యుడు.

సాలార్‌జంగు గారు దాయిరా మీర్ మోమిన్‌లో నిద్రించుచున్నారు. లెక్క చూడక తీర్పు చెప్పని ఆ మహనీయుని మరణమును గూర్చి, పరీక్ష లేని వదంతిని మనము మోయకుండుటయే వారికి తగిన గౌరవము. ఈ మహాసభకు విచ్చేసిన వదాన్యులు అన్నదానముతోపాటు శుద్ధజలదానమునకును పూనుకొందురు గాక యని కోరుచున్నాము.