పడవ ఇంజను నిర్మాత ఓలే ఎవిన్‌రూడ్

కృష్ణా డెల్టా వాసులమగు మనకు నీటితోడి సంబంధము పుట్టుకతోనే యేర్పడినది. హనుమాన్ జంక్షనున నివసించువారికి ఇటు కృష్ణయు, అటు కొల్లేరును దూరము కావు. పూర్వము మన కాలువలలో గట్టు వెంట మనుష్యులు త్రాటితో లాగగా పడవలు సాగెడివి. నేడు మచిలీపట్టణపు జాలరులు పడవ వెనుక తగిలించిన ఇంజనుతో సముద్రముపైకి పోవుచున్నారు. 2024వ సంవత్సరము సెప్టెంబరు మాసమున బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మున్నగు పేటలు మునిగినపుడు, ఇంజను పడవలు వీధులలో తిరిగి, ఇండ్లలో చిక్కుకొన్నవారిని సురక్షిత స్థలములకు చేర్చినవి. అట్టి సమయమున ఇంజను వేడెక్కి నిలిచిపోయినచో ప్రాణములకే ముప్పు వాటిల్లును. కావున ఈ ఇంజనును జనసామాన్యమునకు అందించిన ఓలే ఎవిన్‌రూడ్ చరిత్రమును, దానితోపాటు ఇంజను వేడెక్కుటకు గల కారణములను మా చదువరులకు తెలుపదలచితిమి.

ఓలే ఎవిన్‌రూడ్ 1877వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీని నార్వే దేశమున జనించెను. అతడు పసివాడై యుండగనే తల్లిదండ్రులు అమెరికాకు వలసపోయి, విస్కాన్సిన్ రాష్ట్రమున కేంబ్రిడ్జి అను గ్రామమునకు సమీపమున సేద్యము చేయుచు జీవించిరి. ఓలేకు బడిచదువు కొలదిగనే లభించెను. కాని యంత్రములపై మక్కువ మెండు. పదునారవ యేట ఇల్లు విడిచి మాడిసన్ నగరము చేరి, సేద్యపు పనిముట్ల కర్మాగారమున పనికి కుదిరెను. పగలు చేతులతో పనిచేయుచు, రాత్రులు గణితమును, యంత్రశాస్త్రమును స్వయముగా అభ్యసించెను. పిమ్మట పిట్స్‌బర్గు, షికాగో నగరములలో పనిచేసి, తుదకు మిల్వాకీ నగరమున స్థిరపడెను. అచ్చట భాగస్వాములతో కలిసి చిన్న ఇంజనుల తయారీకి పూనుకొని ఒకటికి రెండుమార్లు నష్టపోయినను అతడు ధైర్యము వీడలేదు.

1906వ సంవత్సరమున అతడు బెస్ కేరీ అను విద్యావతిని వివాహమాడెను. ఒక వేసవినాడు వారు ఒకాచీ సరస్సునకు వనభోజనమునకు పోయిరనియు, బెస్ ఐస్‌క్రీము కోరగా ఓలే తెడ్లు వేసికొనుచు ఒడ్డునకు పోయి తెచ్చునప్పటికి అది కరగి నీరయ్యెననియు చెప్పుదురు. ఆ శ్రమనుండియే పడవకు ఇంజను తగిలించు తలంపు అతనికి పుట్టినదట. అతనికి ముందే అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ మొదలగువారు ఇట్టి యంత్రములను చేసియుండిరి. కాని సామాన్యుడు కొని వాడుకొనదగిన గట్టి యంత్రమును చేసి వ్యాపింపజేసిన కీర్తి ఎవిన్‌రూడ్‌దే. మొదట దానిని చూచి అది కాఫీగింజలు విసరు మరవలె నున్నదని బెస్ నవ్వెనట. ఐనను 1909వ సంవత్సరమున కర్మాగారము వెలసినపుడు ఉత్తరప్రత్యుత్తరములును, ప్రకటనలును ఆమెయే నిర్వహించెను. ఆ తొలి యంత్రము బరువు 62 పౌనులు, బలము ఒకటిన్నర గుఱ్ఱపుబలము. 1911వ సంవత్సరమున అతనికి పేటెంటు లభించెను.

ఇక ఇంజను వేడిమి సంగతి చెప్పుదము. మోటారుకారు తనకు కావలసిన నీటిని రేడియేటరులో మోసికొనిపోవును. పడవ ఇంజనుకు ఆ భారము లేదు. తాను మునిగియున్న నీటినే పీల్చుకొని, దానిచే దేహమును చల్లార్చుకొని, తిరిగి నీటిలోనికే విడిచివేయును. ఇంజను క్రిందికాలునందు జల్లెడవంటి రంధ్రములు గలవు. వానిలోపల ఇంపెల్లరు అను రబ్బరు రెక్కల చక్రము తిరుగుచు నీటిని పైకి త్రోయును. ఆ నీటిలో కొంత వెనుకవైపున సన్నని ధారగా వెలువడును. ఆ ధార ఇంజనుకు నాడివంటిది. అది సన్నగిల్లినను, ఆగిపోయినను ఇంజనును తత్క్షణమే ఆపవలెను. గమ్యము దగ్గరనే యున్నదిగదా యని నడపినచో పిస్టను బిగిసికొనిపోయి యంత్రమే చెడును.

ఆపిన పిమ్మట ఇంజనును పైకెత్తి చూడవలెను. మన కాలువలలో గుఱ్ఱపుడెక్కయు, నాచును, ప్లాస్టిక్ సంచులును జల్లెడను మూసివేయుట సర్వసాధారణము. ప్రొపెల్లరునకు వలత్రాళ్లు చుట్టుకొన్నను ఇంజను శ్రమపడి వేడెక్కును. ఇంజను ఆగియుండగనే వీనిని తొలగింపవలెను. జల్లెడ శుభ్రముగా నుండియు ధార రానిచో, ధార వెడలు రంధ్రమున బురద చేరెనేమో సన్నని తీగతో పొడిచి చూడవలెను. అప్పటికిని రానిచో ఇంపెల్లరు రెక్కలు అరిగినవో, విరిగినవో యని మెకానిక్కుచే విప్పించి చూపింపవలెను. నీరు లేక గట్టుపై ఇంజనును నడిపినచో ఆ రెక్కలు కొద్ది క్షణములలోనే మాడిపోవును. ధార చక్కగా వచ్చుచున్నను ఇంజను వేడెక్కుచున్నచో, థర్మోస్టాటు అను కవాటము మూసికొనిపోయి యుండవచ్చును, లేదా లోపలి దారులలో ఉప్పు పేరుకొని యుండవచ్చును. పెట్రోలులో నూనె కలుపు ఇంజనులలో నూనె తగ్గినను వేడిమి హెచ్చును. ఇంజనును పడవకు మిక్కిలి ఎత్తున బిగించినచో జల్లెడ నీటికి మారుగా గాలిని పీల్చును. సముద్రమునుండిగాని, వరదబురదనుండిగాని వచ్చిన ప్రతిసారి మంచినీటితో ఇంజను లోపల కడుగుటయే ఉత్తమమగు రక్ష.

తిరిగి ఎవిన్‌రూడ్ చరిత్రమునకు వత్తము. వ్యాపారము వృద్ధిగా నున్న సమయముననే బెస్ ఆరోగ్యము క్షీణించెను. 1914వ సంవత్సరమున అతడు తన భాగమును భాగస్వామికి విక్రయించి, అయిదు సంవత్సరములు పోటీవ్యాపారము చేయనని ఒడంబడి, భార్యతో దేశాటనమునకు బయలుదేరెను. లోకులకు అది ఓటమిగా తోచియుండవచ్చును. కాని ఆ విరామకాలమున అతని బుద్ధి ఊరకుండలేదు. అల్యూమినియముతో తేలికయగు రెండు సిలిండర్ల ఇంజనును కల్పించి, గడువు తీరిన వెనుక ఎల్టో అను పేరుతో దానిని విక్రయించెను. దాని బరువు తొలి యంత్రముకంటె తక్కువ, బలము హెచ్చు. 1929వ సంవత్సరమున అతని పూర్వపు సంస్థయు, ఎల్టోయు, మఱియొక సంస్థయు ఏకము కాగా అతడే వానికి అధ్యక్షుడయ్యెను. 1933వ సంవత్సరమున బెస్ మరణించెను. మరుసటి యేడు జూలై 12వ తేదీని, ఏబదియేడవ యేట, ఓలేయు పరమపదించెను. ఎవిన్‌రూడ్ పేరుతో ఇంజనుల తయారీ 2020వ సంవత్సరమున నిలిచిపోయినది. ఐనను పడవ వెనుక తగిలించు ఇంజను ఏ పేరున వచ్చినను అతనిని స్మరింపజేయుచునే యున్నది.

సరియైన వేళ ఆగుట ఓటమి కాదని ఈ జీవితము మనకు తెలుపుచున్నది. తన వారికొరకు ఆగిన ఎవిన్‌రూడ్ మునుపటికంటె మేలైన పనితో తిరిగివచ్చెను. వేడెక్కిన ఇంజనును ఆపి, ఓపికతో జల్లెడ శుభ్రము చేసిన పడవవాడు పడవలోని వారినందరిని గట్టు చేర్చును. మన విద్యార్థులలో పడవ నడుపువారి బిడ్డలును, ముందు యంత్రవిద్య నేర్వబోవువారును గలరు. వారు పడవ ఎక్కినపుడెల్ల వెనుకనున్న ఆ సన్నని నీటిధారను ఒక్కమారు చూచు అలవాటు చేసికొందురుగాక యని కోరుచున్నాము.