ఐర్లండు కర్షకబంధువు ప్లంకెట్టు

పండించుట యొక విద్య. పండినదానిని న్యాయమైన ధరకు విక్రయించుట మఱియొక విద్య. మొదటిది రైతు తండ్రితాతలనుండి నేర్చినాడు; రెండవది వర్తకుని చేతిలో నుండిపోయినది. ఆ రెండవ విద్యను ఐర్లండు రైతులకు నేర్పుటకై జీవితమును ధారవోసిన మహనీయుడు సర్ హోరేసు ప్లంకెట్టు.

ఈయన 1854లో డన్‌సేని ప్రభువంశమున జన్మించెను. ఆక్స్‌ఫర్డులో చదువు ముగించి, 1879లో అమెరికాకేగి, వయోమింగు సీమలో పదియేండ్లు పశువులను పెంచి, 1889లో స్వదేశమునకు మరలెను. అప్పటికి ఇంగ్లండు విపణిలో ఐర్లండు వెన్నకు గౌరవము తగ్గుచుండెను. ఇంటింట చిలికిన వెన్న ఒకనాటి రీతి మఱునాడుండదు. డెన్మార్కు రైతులో, సంఘములుగా కూడి, యంత్రములతో మీగడ తీసి, ఏకరీతి సరకు పంపుచుండిరి. ఆ యంత్రమును కొనుట ఒక్క రైతునకు శక్యము గాదు. ధనికుడు కొని నెలకొల్పినచో లాభమంతయు నాతనిదే. కావున రైతులే వాటాలు వేసి వెన్నశాలకు స్వాములు కావలెనని ప్లంకెట్టు నిశ్చయించెను. 1889లోనే లిమరిక్కు మండలమందలి డ్రమ్‌కాలొగరున మొదటి సహకార వెన్నశాల వెలసెను.

కాని దానిని వ్యాపింపజేయుట సులభము కాలేదు. ఆయన భూస్వామి కుమారుడు, ప్రొటెస్టెంటు, ఆనాటికి స్వపరిపాలనకు ప్రతికక్షి. ఏబది సభలకు పోయినను వానివలన ఒక్క సంఘమైనను పుట్టలేదు. రాత్‌కీలు పట్టణమున నొక న్యాయవాది, తమ యూర వెన్న తీసినచో జాతీయ సిద్ధాంతముల ననుసరించియే తీయవలెను, లేనిచో తీయనే రాదని వాదించెనట! ప్లంకెట్టు విసుగు చెందలేదు. ఆండర్సను, జెసూటు మతగురువు ఫిన్లే, కవి రస్సెలు ఆయనకు తోడైరి. 1894లో ఐర్లండు వ్యవసాయ వ్యవస్థాపక సంఘము స్థాపితమయ్యెను. పదియేండ్లు నిండకమున్నే సుమారు ఎనిమిది వందల సంఘములు దాని నీడన చేరెను.

ఈ విజయమునకు మూలములు స్పష్టములు. మతమును, రాజకీయపక్షమును గడప వెలుపలనే యుంచిరి. సరకు మేలుగా నుండునట్లు చూచుకొనిరి. అన్నిటికంటె ముఖ్యము సభ్యుని నిష్ఠ. పొరుగు వర్తకుడు నేడు కాసంత హెచ్చు ధర చూపును. ఆశపడి పాలనాతనికి పోసిన రైతు, సంఘము మూతపడిన మఱునాడు వాడిచ్చినదే పుచ్చుకొనవలసినవాడగును. పాలన్నియు సంఘమునకే పోయవలెనని నిబంధన వ్రాసికొన్నను, 1919లో బల్లిమాకెలిగట్టు సంఘము వ్యాజ్యమున ఇంగ్లండు ప్రభువుల సభ యట్టి నిబంధన చెల్లదని తీర్పుచెప్పెను. చట్టము కట్టలేని ముడిని విశ్వాసమే కట్టవలెనని దానివలన తేలినది.

1920, 21లలో ఆంగ్ల ప్రభుత్వ బలగములు ప్రతీకారముగా పెక్కు వెన్నశాలలను తగులబెట్టెను. స్వతంత్ర రాజ్యమున శాసనసభ్యుడైన ప్లంకెట్టు గృహమును, 1923 జనవరిలో, అంతర్యుద్ధమున తిరుగుబాటుదారులు ధ్వంసము చేసిరి. ఆయన ఇంగ్లండునకు వెడలి 1932లో కన్నుమూసెను. ఇల్లు పోయినది, సంఘములు నిలిచినవి. మన గ్రామములలో సంఘమును స్థాపింపబూను పెద్దలు తొలుత భవనమునకు పునాది త్రవ్వక, సభ్యుల మనస్సులలో త్రవ్వుదురు గాక!