రెండే రెండు గెలుపులు

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. దాని రూల్స్ నాకు ఇప్పటికీ సగమే తెలుసు. అయినా ఎర్ల్ బ్లేక్ గురించి రాయాలనిపించింది. కారణం ఆట కాదు, కాపీ.

బ్లేక్ 1897లో పుట్టాడు, ఒహాయోలోని డేటన్‌లో పెరిగాడు. జుట్టు ఎర్రగా ఉండేదని అందరూ రెడ్ అని పిలిచేవాళ్ళు. 1920లో వెస్ట్ పాయింట్ మిలిటరీ కాలేజీలో చదువు పూర్తి చేశాడు. కొన్నాళ్ళు నాన్నతో కలిసి ఇళ్ళు కట్టే వ్యాపారం, తర్వాత ఫుట్‌బాల్ కోచింగ్. 1941లో తను చదివిన కాలేజీకే కోచ్‌గా తిరిగొచ్చాడు. 1944 నుంచి 1946 దాకా వాళ్ళ టీమ్ 28 మ్యాచ్‌లు ఆడితే ఒక్కటి కూడా ఓడలేదు. ఒకటి మాత్రం డ్రా.

1951 ఆగస్టులో ఆ కాలేజీ 90 మందిని పంపించేసింది. వాళ్ళు స్లిప్పులేం పెట్టలేదు. ఒకే పేపర్‌ని వేర్వేరు రోజుల్లో వేర్వేరు బ్యాచ్‌లకి ఇచ్చేవాళ్ళు. ముందు రాసినవాళ్ళు తర్వాత రాసేవాళ్ళకి ప్రశ్నలు చెప్పేశారు, అంతే. అక్కడి రూల్ ప్రకారం అలా చెప్పడమే కాదు, తెలిసి ఊరుకోవడం కూడా తప్పే.

ఇక్కడ చదవడం ఆపేసి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. మా ల్యాబ్ ఎగ్జామ్స్‌లో పొద్దున బ్యాచ్ బయటికి రాగానే గ్రూపులో ప్రశ్నలు వచ్చేస్తాయి. చాలాసార్లు చూశా. ఒకసారి నేనే టైప్ చేసి పెట్టా. దాన్ని హెల్ప్ అనుకున్నా గానీ, కాపీ అని ఎప్పుడూ అనుకోలేదు.

వెళ్ళిపోయినవాళ్ళలో బ్లేక్ టీమ్‌లోని ముఖ్యమైన ఆటగాళ్ళు దాదాపు అందరూ ఉన్నారు. ఆయన సొంత కొడుకు బాబ్ కూడా ఉన్నాడు. క్వార్టర్‌బ్యాక్, అంటే టీమ్‌ని నడిపించేవాడు. బ్లేక్ కొడుకునీ వదిలెయ్యలేదు, మిగతా కుర్రాళ్ళనీ వదిలెయ్యలేదు. వీళ్ళు చెడ్డవాళ్ళు కారని విలేకరుల ముందు గట్టిగా వాదించాడు. అది కరెక్టో కాదో నాకింకా తేలలేదు. రాజీనామా చేద్దామనుకున్నాడు గానీ, జనరల్ మెకార్థర్ ఉండమని సలహా ఇచ్చాడు. ఉండిపోయాడు.

ఉండి ఏం చూశాడంటే, ఓటములు. అనుభవం లేని కుర్రాళ్ళతో 9 మ్యాచ్‌లు ఆడితే ఏడు పోయాయి. హార్వర్డ్ మీద ఒక్క పాయింట్‌తో, పెన్సిల్వేనియా మీద కూడా ఒక్క పాయింట్‌తో ఓడారు. చివర్లో బద్ధశత్రువు నేవీ 42-7తో చితక్కొట్టింది. అప్పుడు ఆయన కింద అసిస్టెంట్‌గా ఉన్న విన్స్ లొంబార్డి పేరే ఇప్పుడు సూపర్ బౌల్ ట్రోఫీకి ఉంది.

మళ్ళీ నేవీని ఓడించడానికి 1953 దాకా పట్టింది. 1958లో ఒక్క ఓటమి కూడా లేని సీజన్ ఆడించి బ్లేక్ తప్పుకున్నాడు. 1989లో చనిపోయాడు. కోచ్‌గా 25 సీజన్లు చేస్తే, గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్నది ఆ 1951 ఒక్కటే.

వచ్చే వారం మాకు మళ్ళీ ల్యాబ్ ఎగ్జామ్ ఉంది. ఈసారి మాది పొద్దున బ్యాచ్.