సర్ రొనాల్డ్ రాస్: రక్తపు చుక్కను చదివిన వైద్యుడు

మన జంటనగరాలకు ప్రపంచ వైద్యచరిత్రలో స్థానం కల్పించిన శాస్త్రవేత్త సర్ రొనాల్డ్ రాస్. ఆయన 1857 మే 13న హిమాలయ సానువులలోని అల్మోరాలో జన్మించాడు. సాహిత్యాభిలాష మెండుగా ఉన్నా, తండ్రి అభీష్టం మేరకు వైద్యవిద్య అభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించాడు.

మలేరియా క్రిమిని ఫ్రెంచి వైద్యుడు లావరాన్ 1880లోనే రోగి రక్తంలో కనుగొన్నాడు. కాని రాస్ ఎంత వెదికినా అది కనబడలేదు. అందుచేత ఆయన నమ్మలేదు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ దగ్గరుండి చూపించిన పిమ్మటనే ఆ సందేహం తీరింది. సూక్ష్మదర్శిని ఉన్నంత మాత్రాన చాలదు, దాన్ని వినియోగించే కంటికి శిక్షణ కావాలి.

1895లో సికిందరాబాదు చేరి దోమలపై పరిశోధన ఆరంభించాడు. చెమటకు పరికరం మరలు తుప్పుపట్టాయి. దోమలు చెదిరిపోతాయని పంకా సైతం వద్దన్నాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగి, దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని, వాటి కాటుకు తన దేహాన్ని అప్పగించాడు. 1897 ఆగస్టు 20న, అతని రక్తం త్రాగిన అనాఫిలిస్ దోమ కడుపుగోడలో మలేరియా క్రిమి రాస్ కంటబడింది. మరుసటి ఏడు కలకత్తాలో, పక్షుల మలేరియా దోమకాటుతో సంక్రమిస్తుందని నిరూపించాడు. మానవులలో వ్యాప్తిని ఇటలీలో గ్రాసీ బృందం ధ్రువపరచింది. 1902లో రాస్‌ను నోబెల్ బహుమతి వరించింది.

అంతటితో ఆయన విశ్రమించలేదు. పలుచని పూతలో కొద్దిపాటి క్రిములు దొరకవని గ్రహించి, 1903లో దళసరి రక్తపుపూత పద్ధతిని ప్రతిపాదించాడు. ఎక్కువ రక్తాన్ని తక్కువ వ్యవధిలో పరీక్షించే ఈ విధానమే సంస్కరణలు పొంది నేటికీ ప్రయోగశాలల్లో నిలిచి ఉన్నది.

ఇప్పుడు సత్వర పరీక్షా కిట్లు వచ్చాయి. చుక్క రక్తంతో, విద్యుత్తు అవసరం లేకుండా, 15-20 నిమిషాలలో ఫలితం తెలుస్తుంది. ప్రయోగశాల లేని మారుమూల పల్లెలో ఇది ప్రాణదానమే. అయితే కిట్టు క్రిములను లెక్కించలేదు. కొన్ని రకాల కిట్లలో జ్వరం నయమైన తరువాత కూడా వారాల తరబడి గీత కనిపిస్తూనే ఉంటుంది. కొన్ని క్రిములలో ఆ కిట్టు గుర్తించవలసిన మాంసకృత్తే లోపిస్తుంది. అప్పుడు రోగి ఉన్నా లేదని తేలుతుంది. సూక్ష్మదర్శిని క్రిమి జాతినీ, సంఖ్యనూ, చికిత్సకు అది లొంగుతున్నదీ లేనిదీ చెప్పగలదు. కాని శిక్షణ లేనివాని చేతిలో అదీ పొరబడుతుంది. కనుక ఇవి ఒకదానికొకటి పోటీ కావు, తోడు.

రాస్ 1932 సెప్టెంబరు 16న కన్నుమూశాడు. విద్యార్థులు ఆయన కీర్తితోపాటు ఆయన ఓర్పునూ, హుస్సేన్ ఖాన్ త్యాగాన్నీ కూడా స్మరించాలి. కానరాని దానిని లేదని త్రోసిపుచ్చక, మళ్లీ పరీక్షించడమే విజ్ఞానానికి తొలి మెట్టు.